పది నిమిషాలకే ఆగిపోతున్న ట్రాక్టర్: ముందు ట్యాంకు మూత చూడండి

మీ ట్రాక్టర్ ఆగిపోవడానికి కార్బురేటర్ (పెట్రోల్‌ని గాలితో కలిపే భాగం) కారణమేమో అన్నారు, అది కార్బురేటర్ ప్రాబ్లం కాదన్నా, డీజిల్ బండికి కార్బురేటరే ఉండదు. పది నిమిషాలు దున్ని ఆగిపోతోంది, కాసేపటికి మళ్లీ స్టార్ట్ అవుతోంది అన్నారు కదా, అంటే డీజిల్ అందట్లేదు. ఎక్కువగా ట్యాంకు మూతకున్న గాలి బెజ్జం దుమ్ముతో పూడిపోయుంటుంది, లోపలికి గాలి పోక డీజిల్ సరిగా దిగదు.

1. ఈసారి ఆగిన వెంటనే మూత తిప్పండి. సుయ్‌మని గాలి లోపలికి లాగితే అదే రోగం. సన్న తీగతో బెజ్జం పొడిచి, మూతని డీజిల్‌తో కడగండి.

2. శబ్దం రాకపోతే లైన్లో గాలి పట్టిందేమో చూడాలి. డీజిల్ ఫిల్టర్ మీది ఎయిర్ స్క్రూ (గాలి బయటికి వదిలే స్క్రూ) లూజ్ చేసి, ఫీడ్ పంపు (ట్యాంకు నుంచి డీజిల్ లాగే చిన్న పంపు) చేతి లివర్ కొట్టండి, ముందు నురగ వస్తది. చాలామంది నురగ తగ్గగానే లివర్ వదిలేసి అప్పుడు స్క్రూ బిగిస్తారు, ఆ సందులోనే గాలి మళ్లీ దూరుద్ది. ఒక చేత్తో కొడుతూనే, బుడగ లేకుండా డీజిల్ కారుతుండగానే రెండో చేత్తో బిగించాలి. తర్వాత పెద్ద పంపు (ఇంజన్‌లోకి డీజిల్ కొట్టే ఇంజెక్షన్ పంపు) మీది ఎయిర్ స్క్రూకి కూడా ఇంతే.

3. రెండ్రోజులకే మళ్లీ గాలి పడితే ట్యాంకు నుంచి ఫీడ్ పంపు దాకా ఉన్న వాషర్లన్నీ మార్చేయండి. అక్కడ ఇంజన్ నడిచేటప్పుడు డీజిల్ బయటికి కారదు, గాలే లోపలికి పీలుస్తది, అందుకే తడి కనపడదు.