స్లైడు చూడకుండా స్టెరాయిడ్ రాయకు

చిరంజీవి మేనకోడలికి, అత్త ఆశీస్సులు.

"రోజూ వచ్చే జ్వరం పిల్లల్లో లుకేమియా (రక్త క్యాన్సర్) ఉన్నవాణ్ని ఎలా పట్టుకోవాలత్తా?" అని నిన్న ఫోన్లో అడిగావు. సగం చెప్పేసరికే నీకు ఓపీ టైమైంది. మిగతాది ఇదిగో.

ముందు నా తప్పు చెబుతాను. ఉద్యోగంలో చేరిన రెండో ఏడు ఆరేళ్ళ పిల్లాణ్ని తెచ్చారు. మోకాళ్ళ నొప్పులు, రాత్రుళ్ళు ఏడుపు, ఎత్తుకోమని మారాం. కీళ్ళవాతమనుకుని ప్రెడ్నిసలోన్ అనే స్టెరాయిడ్ రాశాను. మూడో రోజుకి పరుగులు పెట్టాడు. వాళ్ళమ్మ సంతోషంతో జామకాయలు తెచ్చింది. ఏడు వారాలకి మళ్ళీ వచ్చేసరికి పాలిపోయి, ఒంటినిండా కమిలిన మచ్చలు. స్టెరాయిడ్ లుకేమియా కణాల్ని కొన్నాళ్ళు అణుస్తుంది. జబ్బు పోదు, పరీక్షకి మాత్రం దొరక్కుండా పోతుంది. పెద్దాసుపత్రిలో రిస్కు అంచనా కూడా తప్పుతుంది. కారణం తేలని జ్వరానికి, ఎముకల నొప్పికి, మెడలో బిళ్ళలకి స్లైడు (గాజు పలక మీద పరిచిన రక్తపు చుక్క) మైక్రోస్కోపులో చూడకుండా స్టెరాయిడ్ జోలికి పోకు. ఊళ్ళో ఎవరైనా ముందే డెక్సా (అదీ స్టెరాయిడే) సూది వేశారేమో అడుగు. వేసుంటే రిఫరల్ చీటీలో తేదీతో సహా రాయి.

రక్తకణాలు లెక్కపెట్టే కౌంట్ మిషన్‌ని పూర్తిగా నమ్మకు. బ్లాస్టుల్ని, అంటే లుకేమియాలో కనిపించే ముదరని కణాల్ని, అది లింఫోసైట్లు, మోనోసైట్లు అనే మామూలు తెల్లకణాలుగా లెక్కేసేయొచ్చు. తెల్లకణాలు పెరిగితేనే లుకేమియా అనుకోకు, తక్కువగానూ ఉండొచ్చు. హిమోగ్లోబిన్, తెల్లకణాలు, ప్లేట్‌లెట్లలో రెండు పడిపోయాయంటే, డెంగీ సీజన్ అయినా సరే, స్లైడు పాథాలజిస్టు చూడాల్సిందే.

పిల్లల్లో లుకేమియా కాక వేరే క్యాన్సర్లూ ఉంటాయి. కడుపులో ఓ పక్క గట్టి గడ్డ తగిలితే మళ్ళీ మళ్ళీ నొక్కకు. కిడ్నీ గడ్డయితే పగిలే ప్రమాదముంది. (మా రోజుల్లో నేర్చుకోడానికని నలుగురం వరసగా నొక్కేవాళ్ళం. తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.) ఫ్లాష్ ఫొటోలో ఒక కంటిపాప తెల్లగా మెరుస్తోందని తల్లి అంటే నవ్వి పంపెయ్యకు, కంటి క్యాన్సర్ కావొచ్చు, ఆ వారమే కంటి డాక్టరు చూడాలి.

బోన్ మ్యారో (ఎముక మజ్జ) పరీక్ష అనగానే "వెన్నులో నీరు తీస్తే కాళ్ళు పడిపోతాయట" అంటారు. పరీక్ష తుంటి ఎముక దగ్గర చేస్తారని వేలుపెట్టి చూపించు. క్యాన్సర్ ఖాయమని నువ్వు చెప్పకు, మామూలు జ్వరమేలే అని కూడా అనకు. ఆరోగ్యశ్రీ కాగితాలు నువ్వే దగ్గరుండి చూసుకో. బస్సు చార్జీలకి లేక ఆగిపోయిన పిల్లల్ని చాలామందిని చూశాను.

కీమో మొదలయ్యాక పిల్లలు మళ్ళీ నీ ఊరికే వస్తారు. వాళ్ళకి జ్వరమొస్తే పారాసెటమాల్ ఇచ్చి ఇంటికి పంపడం కుదరదు. గంటలోపు నరంలోకి యాంటీబయాటిక్ పడాలి, వెంటనే వాళ్ళ డాక్టరుకి ఫోన్ చెయ్యాలి. కండకి సూదులు వద్దు.

చివరిది మెథోట్రెక్సేట్, లుకేమియా పిల్లలకి ఇచ్చే మందు. మన భీమవరంలో పుట్టిన శాస్త్రవేత్త యల్లాప్రగడ సుబ్బారావుగారి బృందం చేసిన అమినోప్టెరిన్‌కి తోబుట్టువిది. ఆ అమినోప్టెరిన్‌తోనే పిల్లల లుకేమియా కొన్నాళ్ళపాటైనా తగ్గిందని అమెరికా డాక్టరు సిడ్నీ ఫార్బర్ 1948లో ప్రకటించాడు. ఇంట్లో మింగే ఈ మాత్ర వారానికి ఒక్కరోజే. పక్కనే ఉండే ఇంకో లుకేమియా మాత్ర మెర్కాప్టోప్యూరిన్ రోజూ వేసుకోవాలి. రెండూ కలగలిసిపోయి మెథోట్రెక్సేట్ రోజూ మింగిస్తే ప్రాణం పోవచ్చు. స్ట్రిప్ వెనక నువ్వే పెన్నుతో "శనివారం మాత్రమే" అని రాసి, తల్లి చేత పైకి చదివించు. చదువు రాకపోతే పెద్ద పిల్లల్ని పిలిచి చదివించు.

ఇట్లు
మీ అత్త