ఫిలాసఫీ ఎక్కడ మొదలెట్టాలని అడిగేవు కదా

అమ్మలూ,

నీ మెసేజ్ చూసేను. లావుపాటి పుస్తకాల లిస్టు కూడా పంపేవు, అది పక్కన పెట్టీ ముందు. కాంట్, హెగెల్ దగ్గర మొదలెడితే పదో పేజీకి నిద్రొస్తాది, ఆనక నాకిది రాదులే అని వదిలేస్తావు, అలాంటి పిల్లల్ని చాలామందిని చూసేను. పుస్తకం తర్వాత. నువ్వు నిజమని నమ్మేది ఏదో ఒకటి తీసుకుని, ఇది నాకెలా తెలుసు అని నిన్ను నువ్వే అడుగు.

అరసవిల్లి సూర్యుడి గుడి సంగతే తీసుకో. మార్చి 9, 10 తేదీలప్పుడు, మళ్ళీ అక్టోబర్ మొదట్లో, పొద్దున్నే సూర్యకిరణాలు స్వామి పాదాల మీద పడతాయని చిన్నప్పట్నుంచి వింటున్నావు. నీకెలా తెలుసు? అమ్మమ్మ చెప్పింది, పేపర్లో వేశారు. న్యాయదర్శనం వాళ్ళు (కోర్టుల న్యాయం కాదు, మన పాత తర్కశాస్త్రం) ఒక సంగతి తెలుసుకునే దారిని ప్రమాణం అంటారు, దీన్ని శబ్ద ప్రమాణం అన్నారు, నమ్మదగ్గ మనిషి మాట అన్నమాట. తెల్లారకట్ల వెళ్ళి లైన్లో నించుని కళ్ళారా చూస్తే అది ప్రత్యక్షం (ఆ రోజు మబ్బు పట్టిందా, నీ ఖర్మ). మరి ఏడాదికి రెండుసార్లు ఎందుకు? సూర్యుడు ఉత్తరంవైపు జరిగేటప్పుడు ఒకసారి, దక్షిణానికి తిరిగొచ్చేటప్పుడు ఇంకోసారి తూర్పున ఇంచుమించు అదే చోట ఉదయిస్తాడు, గుమ్మాలు ఆ చోటుకి సూటిగా ఉంటే వెలుగు రెండుసార్లు లోపలికి రావాలి. తెలిసినదాన్ని బట్టి ఇలా తేల్చుకోడం అనుమాన ప్రమాణం. నాలుగోది ఉపమానం, పోలికని బట్టి తెలుసుకోడం, దాని జోలికి ఇప్పుడొద్దు. చార్వాకులైతే, అంటే మన పాతకాలం నాస్తికులు, ప్రత్యక్షం తప్ప ఇంకేదీ ఒప్పుకోమన్నారు.

ఇక్కడే నువ్వు ఆగి చూడాలి. కిరణాలు పడతాయి కాబట్టి దేవుడున్నాడు అని ఒకడంటాడు, అదంతా ఉత్త జామెట్రీ కాబట్టి దేవుడు లేడు అని ఇంకోడంటాడు. ఇద్దరూ తొందరపడ్డారు. కిరణాల లెక్క తేలితే కిరణాల సంగతే తేలింది, దేవుడి ప్రశ్న ఎక్కడున్నది అక్కడే ఉంది. ఈ తేడా నీ అంతట నువ్వు పట్టుకున్న రోజు నువ్వు మొదలెట్టేసినట్టే.

రెండోది, ఒక నోట్‌బుక్ పెట్టుకో. మన పాత పండితులు అవతలివాడి వాదన ముందు పూర్వపక్షం అని పెట్టి ఆ తర్వాతే తమ సిద్ధాంతం చెప్పేవారు. గవర్నమెంట్ ఉద్యోగం లేని బతుకూ ఒక బతుకేనా అని మీ నాన్న అంటాడు కదా, నీకు ఒళ్ళు మండుతాది కదా, ఆయన తరఫున ఒక పేజీ రాయి. ఆయన చదివి "అదేనమ్మా నేననేది" అనేలాగ ఉండాలి. అప్పుడు నీది రాయి. చాలా కష్టం, నీ కోపంలో సగం అక్కడే జారిపోద్ది, ఒక్కోసారి నీ వాదన కూడా. అంతేగానీ నేర్చుకున్నదంతా భోజనాల దగ్గర మీ అమ్మ మీద ప్రయోగించకు తల్లీ. నిజం తేల్చుకోడానికైతే వాదం, గెలవడానికైతే జల్పం, తనదంటూ ఏదీ నిలబెట్టకుండా అవతలోడిది కూల్చడమే పనైతే వితండం, మనిళ్ళల్లో మొదటిది మొదలెట్టి సాంబారు వచ్చేలోపు మూడోదానికి దిగిపోతాం.

చదవాలనే ఉంటే ప్లేటో రాసిన 'యూథిఫ్రో' చదువు, చాలా చిన్నది. సోక్రటీస్ తనంతట ఏ పుస్తకమూ రాయలేదు, క్రీ.పూ. 399లో ఏథెన్స్‌లో ఆయనకి మరణశిక్ష వేశారు, ఆ కేసు కోసం కోర్టు దగ్గరికి వచ్చినప్పుడు యూథిఫ్రో అనే మనిషితో జరిగిన సంభాషణగా శిష్యుడు ప్లేటో దీన్ని రాసేడు. అందులో ప్రశ్నని మనవైపు మాటల్లో చెప్తాను, అమ్మోరికి ఇష్టం కాబట్టి అది మంచిదా, మంచిది కాబట్టి అమ్మోరికి ఇష్టమా? మొదటిదంటే రేపు అమ్మోరు అబద్ధం ఇష్టమంటే అబద్ధం మంచిదైపోవాలి. రెండోదంటే మంచి అనేది అమ్మోరు కూడా చూసి ఒప్పుకోవాల్సిన సంగతైపోయింది. ఎటు వెళ్ళినా ఇరుకే. చివర్లో జవాబు తేలదు, యూథిఫ్రో పనుందని జారుకుంటాడు, చూసుకుని కంగారు పడకు. యూట్యూబ్‌లో పది నిమిషాల్లో చెప్పేస్తారు, చూడకు, చిక్కుకోడమే కావాలి నీకిప్పుడు.

దసరా తర్వాత సిరిమాను పండక్కి విజయనగరం వస్తావు కదా, నోట్‌బుక్ తెచ్చుకో. మీ నాన్న పక్షం నేను తీసుకుంటాను.

మీ మావయ్య