వయసు అడిగితే నొచ్చుకోకండి

దక్షిణ కొరియాలోని సువోన్‌లో ఉద్యోగంలో చేరిన మొదటి రోజే టీమ్ వాళ్లు మీ వయసు అడిగారనీ, రాత్రి డిన్నర్‌లో సోజు (అక్కడి మందు) వద్దన్నాక మేనేజర్ ముభావంగా అయిపోయారనీ రాశారు కదా, రెండింటికీ మూలం పెద్దాచిన్నా లెక్కేనండీ. ఎదుటివాళ్లు తమకంటే పెద్దో చిన్నో తెలియకపోతే ఎంత మర్యాదగా మాట్లాడాలో కొరియా వాళ్లకి తేలదు, అందుకే అడిగేస్తారు. పుట్టిన సంవత్సరం చెప్పండి చాలు. అక్కడి పాత లెక్కలో పుట్టగానే ఏడాది వయసు, ప్రతి జనవరి 1కి ఇంకో ఏడాది కలిపేవాళ్లు. 2023 జూన్‌లో చట్టం మారి మనలాంటి లెక్కే వచ్చింది గానీ, సంవత్సరం చెబితే ఏ గొడవా ఉండదు.

ఇక మందు. ఇష్టం లేకపోతే అస్సలు తాగొద్దు, మొహమాటపడకండి. కానీ గ్లాసు మీద చెయ్యి అడ్డం పెట్టేస్తే మాత్రం వాళ్లకి చివుక్కుమంటుంది. రెండు చేతులతో గ్లాసు పట్టుకుని సైడర్ పోయమనండి (అక్కడ సైడర్ అంటే స్ప్రైట్ లాంటి కూల్‌డ్రింకే). తర్వాత సీసా మీరందుకుని, కుడిచేతికి ఎడమచెయ్యి ఆనించి, మేనేజర్ గ్లాసు ఖాళీ అయ్యాక నింపండి. మీది మీరే పోసుకోకండి. వీలైతే వచ్చే డిన్నర్‌కి ముందే ఆయనతో విడిగా, నాకు మందు అలవాటు లేదు సార్ అని చెప్పి ఉంచండి, అప్పుడు ఎవరైనా బలవంతపెడితే ఆయనే సర్దిచెప్పే అవకాశం ఉంటుంది.