డబ్బా మీద లేబుల్ ఎందుకు చింపారు?

ప్రశ్న: అక్కాబావా పోయాక వాళ్ల అబ్బాయిని నేనే పెంచుతున్నాను. పుట్టుకతోనే హెచ్ఐవీ. బావ చేసిన పాపం వాడు మోస్తున్నాడు. ఇప్పుడు పదిహేనేళ్లు, పదో తరగతి పాసయ్యాడు. రక్తం పట్టే మందని చెప్పి రోజూ రాత్రి మాత్ర ఇస్తాను. డబ్బా మీద లేబుల్ చింపేస్తాను. మొన్న బాత్రూమ్ వెంటిలేటర్‌లో మాత్రలు దొరికాయి. వైరల్ లోడ్ (రక్తంలో వైరస్ మోతాదు) పెరిగిందన్నారు. ఇంట్లో పిల్లలున్నారని వాడి కంచం, గ్లాసు వేరుగా పెట్టాం తప్ప ఏ లోటూ చేయలేదు. ఇంటర్‌కి హాస్టల్లో వేస్తే వార్డెన్ దగ్గరుండి మింగిస్తాడా?

జవాబు: పిన్ని మింగించలేని మాత్ర వార్డెన్ మింగిస్తాడామ్మా? హాస్టల్ మాట తర్వాత. ఉత్తరంలో నేను ఆగిపోయింది కంచం దగ్గర.

మీ పిల్లల కంచాలన్నీ ఒక దొంతరలో ఉంటాయి. వాడిది గట్టు మీద ఓ మూల బోర్లించి ఉంటుంది. రోజుకి మూడు పూటలా వాడు దాన్ని చూస్తున్నాడు. కలిసి తింటే, ఒకే గ్లాసులో తాగితే ఇది రాదని హెచ్ఐవీ మందులిచ్చే ఏఆర్‌టీ సెంటర్లో మీకు ఎన్నిసార్లు చెప్పి ఉంటారు! అక్క బిడ్డని తెచ్చుకుని సాకడం మామూలు విషయం కాదు, కాదనను. కానీ అన్నం పెట్టి, కంచం వేరు చేస్తే అది లోటే.

ఇక లేబుల్. రక్తం పట్టే మందుకి లేబుల్ చింపే పనేముంది? సెంటర్ గోడల మీద పోస్టర్లు చదవడం పదో తరగతి పాసైన పిల్లాడికి రాదా? వాడికి ఎప్పుడో తెలిసిపోయిందనే నా అనుమానం. ఒకరి దగ్గర ఒకరు నటిస్తున్నారు, అంతే. ఆరు నుంచి పన్నెండేళ్ల మధ్యే పిల్లలకి చెప్పాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2011లోనే అంది. మీరు ఇప్పటికే ఆలస్యం చేశారు.

ఈ వారమే వాణ్ని తీసుకుని సెంటర్‌కి వెళ్లండి. ముందు మీరొక్కరే కౌన్సెలర్‌తో మాట్లాడి, తర్వాత వాడి పక్కన కూర్చుని చెప్పండి. వేస్తూ మానుతూ ఉంటే వైరస్ మందుకి లొంగకుండా పోతుందనీ, క్రమంగా వేసుకుంటే చదువు, ఉద్యోగం, పెళ్లి అన్నీ ఉంటాయనీ వాళ్లే వివరిస్తారు. వైరల్ లోడ్ పెరిగిన వాళ్లకి వరుసగా కొన్ని నెలలు కౌన్సెలింగ్ చేసి మళ్లీ పరీక్ష చేస్తారు. అది తగ్గాక హాస్టల్ గురించి వాణ్నే అడగండి. కాలేజీకి చెప్పి తీరాలన్న రూలేమీ లేదు. విషయం తెలిసి వాళ్లు సీటు ఇవ్వబోమంటే 2017 హెచ్ఐవీ చట్టం ఒప్పుకోదు.

చెప్పిన రోజు వాడు కోప్పడతాడు, కోప్పడనివ్వండి. ఆ తర్వాత అమ్మ ఎలా పోయిందని అడుగుతాడు. అప్పుడు మాత్రం బావగారి పాపం గురించి ఎత్తకండి. ఆయన వాడి నాన్న.