క్రూగర్‌లో ఒక్క రోజు: సతారా దాకా వెళ్లాలా?

మీ ప్లాన్ చదివానండి. దక్షిణాఫ్రికాలోని క్రూగర్ నేషనల్ పార్కుకి ఆగస్టులో అమ్మానాన్నలతో వెళ్లి, పొద్దున్నే క్రొకడైల్ బ్రిడ్జ్ గేటులోంచి లోపలికెళ్లి, పార్కు మధ్యలో ఉన్న సతారా క్యాంపు (బస చేసే చోటు) దాకా వెళ్లి, సాయంత్రానికి పాల్ క్రూగర్ గేటు దాటి, పార్కు బయటున్న హేజీవ్యూ ఊళ్లో పడుకోవాలంటున్నారు. సతారా తీసేయండి. తారు రోడ్డు మీద స్పీడ్ లిమిట్ 50, మట్టి రోడ్డు మీద 40, జంతువుల కోసం ఆగుతూ పోతే గంటకు 25 కిలోమీటర్లు కదిలితే గొప్ప, అక్కడిదాకా వెళ్లొస్తే రోజంతా గేటు మూసేస్తారన్న టెన్షనే మిగులుతుంది.

ఆగస్టులో గేటు ఆరింటికి తెరుస్తారు, అప్పటికే లైన్లో ఉండండి. లోయర్ సాబీ క్యాంపు దాకా 34 కిలోమీటర్లు నిదానంగా పోనిచ్చి, క్యాంపు పక్కనే ఉన్న సన్‌సెట్ డ్యామ్ దగ్గర ఇంజిన్ ఆపేసి కూర్చోండి. నీటి ఏనుగులు (హిప్పోలు), ఒడ్డున మొసళ్లు కారులోంచే కనిపిస్తాయి. టిఫిన్ లోయర్ సాబీలో, నది కనిపించే డెక్ మీద. తర్వాత స్కుకూజా క్యాంపు దాకా నది వెంబడి హెచ్4-1 రోడ్డు, నా లెక్కలో పార్కులో చిరుతల కోసం చూడాల్సిన దారి ఇదే, చెట్ల కొమ్మల మీద కూడా ఓ కన్నేయండి. మధ్యలో న్కుహ్లూ పిక్నిక్ స్పాట్‌లో బాత్రూమ్‌లున్నాయి, పెద్దవాళ్లకు సుఖం, కానీ పులిహోర డబ్బా మూత తీసి పక్కకు తిరిగారా, కోతులు ఎత్తుకుపోతాయి (మన తిరుమల కోతులే నయం).

క్యాంపులు, పిక్నిక్ స్పాట్ల బయట కారు దిగకండి, ఫొటో కోసం కూడా. డే ఎంట్రీకి కోటా ఉంటుంది కాబట్టి ముందే ఆన్‌లైన్‌లో బుక్ చేసుకోండి. అది మలేరియా ఏరియా, మాత్రల సంగతి బయల్దేరే ముందే డాక్టర్ని అడగండి. సాయంత్రం గేటు ఆరింటికే మూసేస్తారు, స్కుకూజాలో ఐదింటికల్లా బయల్దేరితే చాలు.