టెక్ సందేహాలు: కోడు రాసేది నలుగురు, తాళాలు ఎవరి దగ్గర?

*మేం నలుగురం స్నేహితులం. కర్నూలు రాజ్‌విహార్ సెంటర్ దగ్గర చిన్న గది అద్దెకు తీసుకుని రెండేళ్లుగా వెబ్‌సైట్లు చేస్తున్నాం. స్కూళ్లు, లాడ్జీలు, ఒక విత్తనాల కంపెనీ, మొత్తం పదకొండు సైట్లు మేమే చూసుకుంటున్నాం. పని పెరుగుతోంది. ఇప్పుడు రియాక్ట్ నేర్చుకోవాలా, పైథానా, పీహెచ్‌పీలోనే ఉండిపోవాలా? డొమైన్ల పని చూసే మా ఫ్రెండు పోయిన నెల బెంగళూరులో ఉద్యోగంలో చేరాడు. ప్రస్తుతం ముగ్గురమే ఉన్నాం.* – కర్నూలు నుంచి ఒక పాఠకుడు

రియాక్టా, పైథానా అన్న ప్రశ్న వారం వారం వస్తుంది. ఊరు మారుతుంది, ప్రశ్న మారదు. ముందు దాన్ని తేల్చేద్దాం. స్కూలుకీ లాడ్జీకీ వర్డ్‌ప్రెస్ అనే రెడీమేడ్ సైటు సాఫ్ట్‌వేర్ చాలు. ప్రపంచంలోని వెబ్‌సైట్లలో 40 శాతానికి పైగా దాని మీదే నడుస్తున్నాయి, అది నడిచేదేమో పీహెచ్‌పీ అనే కోడింగ్ భాష మీద. మీలో ఒకరికి పీహెచ్‌పీ, సీఎస్ఎస్ (పేజీ ఎలా కనబడాలో చెప్పే కోడు) చదివి అర్థం చేసుకునేంత రావాలి. ఇంకొకరు సర్వర్‌లోకి వెళ్లి లాగ్ ఫైలు (సర్వర్ రాసుకునే చిట్టా) తెరవడానికి జంకకూడదు. మూడో మనిషి, 'హోమ్ పేజీలో మా కరెస్పాండెంట్ ఫొటో ఇంకా పెద్దది పెట్టండి' అనే కస్టమర్‌కు నొప్పించకుండా వద్దని చెప్పగలగాలి. నవ్వకండి, మూడింటిలో కష్టమైనది ఇదే. రియాక్ట్ సంగతి వచ్చే ఏడాది చూసుకోవచ్చు.

నాకు టెన్షన్ పెట్టింది మీరు మామూలుగా రాసేసిన చివరి సంగతి. డొమైన్ల పని చూసే అబ్బాయి బెంగళూరు వెళ్లిపోయాడు. సరే, ఆ పదకొండు డొమైన్లు, అంటే సైట్ల పేర్లు, ఎవరి ఈమెయిల్ మీద ఉన్నాయి? ఓటీపీ ఎవరి ఫోనుకు వెళ్తుంది? రెండూ అతనివే అయితే, పొలం మీది, పాసుపుస్తకం కౌలుదారు పేరు మీద ఉన్నట్టే. అతను మంచివాడే కావచ్చు. సమస్య మంచితనం గురించి కాదు. అక్కడ కొత్త సిమ్ తీసుకుని కర్నూలు నంబరు వదిలేశాడనుకోండి. మన దేశంలో రద్దయిన నంబరును కనీసం 90 రోజులు ఆగి ఇంకొకరికి ఇచ్చేయొచ్చు. అప్పుడు మీ ఓటీపీ ముక్కూమొహం తెలియని మనిషి ఫోనులో మోగుతుంది.

పోయిన ఏడాది తాడిపత్రి నుంచి ఒక బండల వ్యాపారి అనంతపురంలో నన్ను వెతుక్కుంటూ వచ్చాడు. చేతిలో రసీదు, దాని మీద నీలం ఇంకుతో 'వెబ్‌సైట్ + మెయిల్, 5 సం.లు'. డబ్బు తీసుకున్న కుర్రాడు డొమైన్‌ను ఏడాదికే కొన్నాడు, తర్వాత ఊరు మారాడు. గడువు దగ్గర పడుతోందని వచ్చిన మెయిళ్లన్నీ ఆ కుర్రాడి పాత ఇన్‌బాక్స్‌లో పడి ఉన్నాయి. డాట్ కామ్ అయితే గడువు దాటగానే పోదు. రిజిస్ట్రార్‌ను (డొమైన్ అమ్మిన కంపెనీని) బట్టి కొన్ని రోజులు మామూలు ధరకే రెన్యూ చేసుకోవచ్చు. తర్వాత 30 రోజులు జరిమానా కట్టి విడిపించుకోవచ్చు. ఆపై 5 రోజులు ఎవరూ ముట్టుకోలేరు. ఆరో రోజు నుంచి అది ఎవరిదైనా కావచ్చు. ఈయన నా దగ్గరికి వచ్చేసరికి అన్నీ దాటిపోయాయి. తన ఫోనులో సైటు తెరిచి నా ముందు పెట్టాడు. "బండలు చూద్దామని వచ్చినోళ్లకు రమ్మీ చూపిస్తాంది సార్."

ఆయన బాధ పరువు గురించి. నా భయం మెయిల్ గురించి. డొమైన్ చేజిక్కించుకున్నవాడు ఆ పేరు మీద మెయిల్ సర్వర్ పెట్టుకుంటే, దాని కింద ఏ అడ్రసుకు వచ్చిన మెయిలైనా వాడికే చేరుతుంది. పాత కస్టమర్లు ఇంకా ఆ అడ్రసుకే ఆర్డర్లు పంపుతుంటారు. ఆ అడ్రసు పెట్టి తెరిచిన ఖాతాలు ఇంకా ఉంటాయి: కొరియర్, క్లౌడ్ స్టోరేజీ, సోషల్ మీడియా పేజీ. వాటిలో 'పాస్‌వర్డ్ మర్చిపోయాను' నొక్కితే లింకు ఎవరికి వెళ్తుంది? హ్యాకింగ్ అక్కర్లేదు, కోడు రాయక్కర్లేదు. గడువు తీరిన పేరును కొంటే చాలు. కోట మొత్తం ఇటుక ఇటుకా కాపలా కాసి తలుపు తాళం సంతలో అమ్మేసినట్టుంటుంది.

కాబట్టి ఈ వారం మీ ముగ్గురూ కోడు ముట్టుకోకండి. డొమైన్లను ఆయా కస్టమర్ల పేరు మీదికి, వాళ్ల మెయిల్ మీదికి మార్చండి. మీకు పని చేసుకునే అనుమతి మాత్రం వాళ్ల నుంచి తీసుకోండి. ప్రతి ఖాతా వివరాలూ మీలో ఇద్దరికి తెలిసి ఉండాలి. ఎస్ఎంఎస్ ఓటీపీ బదులు ఆథెంటికేటర్ యాప్ (ఫోనులోనే కోడు తయారుచేసేది) పెట్టి, రికవరీ కోడ్లు కాగితం మీద ప్రింటు తీసి కవర్లో పెట్టి బీరువాలో దాచండి. మీ వాట్సాప్ గ్రూపులో 'పాస్‌వర్డ్' అని వెతకండి. ఎన్ని దొరుకుతాయో చూశాక ఆ రోజు అన్నం సహించదు. దొరికినవన్నీ మార్చి, ఇకపై పాస్‌వర్డ్ మేనేజర్‌లోనే పెట్టండి. మనిషి టీం వదిలిన రోజునే అతని అడ్మిన్ లాగిన్, సర్వర్ కీ తీసేయాలి. దానికి మొహమాటం వద్దు, అతనికీ అదే మేలు. రేపు ఏదైనా జరిగితే అనుమానం ముందు అతని మీదికే పోతుంది.

తప్పంతా కుర్రాళ్లదే అని కూడా అనను. డొమైన్లు అమ్మే చాలా సైట్ల డ్యాష్‌బోర్డు చూడండి. మొదటి ఏడాది ధర బ్యానరంత అక్షరాల్లో ఉంటుంది. రెన్యువల్ ధర వెతకాలంటే భూతద్దం కావాలి. చౌక ప్లాన్లలో ఒకే లాగిన్, ఒకే ఫోన్ నంబరు. ఆ డిజైన్ చేసినవాళ్ల లెక్కలో వ్యాపారమంటే ఒక మనిషి, ఒక ఫోను. ఆ ఫోను తుంగభద్రలో పడితే ఏంటన్న ఆలోచన వాళ్లకు ఒక్క మీటింగులోనూ వచ్చినట్టు లేదు.

మీరు అడగని సంగతి ఇంకొకటి. మీరు నమూనాకు పంపిన రెండు స్కూలు సైట్లూ చూశాను. ఒకదానిలో తెలుగంతా బొమ్మలే. డీటీపీ సెంటర్లో చేయించిన కరపత్రాన్ని ఫొటో తీసి పెట్టేశారు. ఆ ఊరి తల్లిదండ్రులు గూగుల్‌లో తెలుగులో వెతికితే ఆ పేజీ దొరకడం కష్టం. చూపు లేనివారి ఫోను దాన్ని చదివి వినిపించలేదు. కంప్యూటర్లలో అన్ని భాషల అక్షరాలకూ ఉమ్మడి ప్రమాణం యూనికోడ్. తెలుగు 1991లోనే దాని మొదటి వెర్షన్‌లో చేరింది, ఇన్నేళ్లయినా కరపత్రం ఫొటోలేంటి? రెండో సైటులో తెలుగు టైపు చేశారు, సంతోషం. కానీ టెంప్లేటు ఇంగ్లీషు కోసం చేసింది, లైన్ హైట్ (వరుసకు ఇచ్చే ఎత్తు) 1.2. 'రాష్ట్ర స్థాయి' అన్న మాటలో ష కింది ఒత్తులు కింది వరుసలోని గుడుల మీద ఎక్కి కూర్చున్నాయి. 1.7 చేసి చూడండి. సీఎస్ఎస్‌లో మార్చాల్సింది ఒక్క లైను. ఇంగ్లీషు అక్షరానికి కింద పెద్దగా ఏమీ ఉండదు, మనకు కింద ఒక కాపురమే ఉంటుంది. ఇది ఏ కోర్సులోనూ చెప్పరు. తెలుగు చదివే మనిషి టీంలో ఉంటే తప్ప ఎవరి కంటికీ ఆనదు.

*మా హోటల్ సైటు తెరిస్తే మూడు నెలలకోసారి 'సురక్షితం కాదు' అని వస్తోంది. చేసిన అతను ఫోన్ చేసిన ప్రతిసారీ ఐదు వందలు తీసుకుని సరిచేస్తున్నాడు. కొత్త హోస్టింగ్ కొనాలా?* – కడప నుంచి

వద్దు. కనెక్షన్ సురక్షితమని బ్రౌజర్‌కు చూపడానికి సైటుకు ఒక సర్టిఫికెట్ ఉంటుంది. మీది 90 రోజుల ఉచిత సర్టిఫికెట్. అది తనంతట తాను రెన్యూ అయ్యేలా సర్వర్‌లో ఒక పని నడవాలి, అది నడవడం లేదు. అతను ప్రతిసారీ చేత్తో రెన్యూ చేసి వదిలేస్తున్నాడు. అన్ని కంపెనీల సర్టిఫికెట్ల గడువునూ దశలవారీగా తగ్గించాలని పరిశ్రమలో నిర్ణయమైంది, 2029 మార్చి నుంచి గరిష్ఠంగా 47 రోజులే. అప్పుడు ఆ ఐదు వందలు ఏడాదికి ఎన్నిసార్లు ఇవ్వాలో లెక్క వేసుకోండి. ఈసారి అతను వచ్చినప్పుడు మీరు పక్కనే కూర్చుని, రెన్యువల్‌ను 'డ్రై రన్'లో, అంటే ఉత్తుత్తి పరీక్షగా, నడపమనండి. ఎర్రర్ ఏదైనా వస్తే ఫొటో తీసి నాకు పంపండి. ఏ ఎర్రరూ రాకపోతే షెడ్యూల్ అసలు పెట్టి ఉండకపోవచ్చు, చూసి అక్కడికక్కడే పెట్టించుకోండి.