సముద్రపు నీటి హైడ్రోజన్: నా బెంగంతా ఆనోడ్ గురించే

ప్లాటినం బదులు నికెల్–మాలిబ్డినం వంటి చవకైన మిశ్రలోహాలతో సముద్రపు నీటి నుంచి నేరుగా హైడ్రోజన్ తీయవచ్చా అని అడిగారు. తీయవచ్చు, నేను తీశాను. అయితే అసలు చిక్కు హైడ్రోజన్ పుట్టే కాథోడ్ కాదని, ఆక్సిజన్ పుట్టే ఆనోడ్ అని విశాఖపట్నంలో పరిశోధక విద్యార్థిగా ఉన్నప్పుడే నాకు తెలిసివచ్చింది.

అప్పటిదాకా స్వేదనజలంలో మూడున్నర శాతం ఉప్పు కలిపి, గంటా రెండు గంటలు ప్రయోగం నడిపి, దాన్నే సముద్రపు నీరుగా లెక్కించేవాణ్ని. ఒకరోజు ఆర్కే బీచ్ నుంచి క్యానుతో అసలు నీరు తెచ్చి, వడగట్టి, నికెల్–మాలిబ్డినం పూసిన నికెల్ ఫోమ్ (స్పంజిలా రంధ్రాలున్న నికెల్) ముక్కను కాథోడ్‌గా, నికెల్–ఇనుము పూత వేసిన మరో ముక్కను ఆనోడ్‌గా అమర్చి రాత్రంతా కరెంటు పారనిచ్చాను. తెల్లవారి తలుపు తీయగానే బ్లీచింగ్ పౌడర్ వాసన గుప్పుమంది. కాథోడ్ మీద ఉప్పునీళ్లు కాచిన గిన్నె అడుగున పట్టే గార వంటిది తెల్లగా, మందంగా పేరుకుంది. గోటితో గీకితే పెచ్చులుగా ఊడింది. అది ప్రధానంగా మెగ్నీషియం హైడ్రాక్సైడ్. నా ఉప్పు ద్రావణంలో మెగ్నీషియమే లేదు కనుక అది అంతకుముందు ఒక్కసారీ కనిపించలేదు. ఇక ఆనోడ్ పూత చాలావరకు పోయి, ఫోమ్ అంచులు తాకితే పొడిగా రాలాయి. దాన్ని పట్టుకున్న రాగి క్లిప్పు నిండా పచ్చని చిలుము.

నీటిలో క్షారం కలిపితే ఆక్సిజన్ పుట్టే వోల్టేజీకీ, ఉప్పులోని క్లోరైడు నుంచి హైపోక్లోరైట్ (బ్లీచింగ్ రసాయనం) పుట్టే వోల్టేజీకీ మధ్య సుమారు 0.48 వోల్టుల ఎడం దొరుకుతుంది. ఆనోడ్ ఆ ఎడంలోనే పనిచేయగలగాలి. 2019లో స్టాన్‌ఫర్డ్ బృందం నికెల్ ఫోమ్ మీద నికెల్ సల్ఫైడ్ పొర, దానిపై నికెల్–ఇనుము హైడ్రాక్సైడ్ పొర వేసి, క్షారం కలిపిన సముద్రపు నీటిలో చదరపు సెంటీమీటరుకు 0.4 నుంచి 1 ఆంపియర్ వరకు కరెంటుతో 1,000 గంటలకు పైగా నడిపింది. సల్ఫైడ్ నుంచి పుట్టిన సల్ఫేటు క్లోరైడును దగ్గరకు రానివ్వకుండా ఆనోడ్‌ను కాపాడింది. చదరపు సెంటీమీటరుకు 10 మిల్లీఆంపియర్ల దగ్గర ఒక్క రోజు నడిపి, సముద్రపు నీటిని తట్టుకునే ఉత్ప్రేరకం కనుగొన్నామని రాసే పత్రాలను చూస్తే నాకు బాధ కలుగుతుంది, ఎందుకంటే వాటిని నమ్మి విద్యార్థులు ఏళ్లు పోగొట్టుకుంటున్నారు.

సముద్రపు నీటిని ఏళ్ల తరబడి తట్టుకునే ఆనోడ్ దొరికేవరకు ఉప్పు తీసిన నీటినే వాడటం మేలని నా గట్టి అభిప్రాయం. కిలో హైడ్రోజన్‌కు 50 యూనిట్లకు పైగా కరెంటు, సుమారు 9 లీటర్ల నీరు కావాలి. వెయ్యి లీటర్ల సముద్రపు నీటిలో ఉప్పు తీయడానికి మూడు నాలుగు యూనిట్లు చాలు. 2025 జనవరిలో అనకాపల్లి జిల్లా పూడిమడకలో గ్రీన్ హైడ్రోజన్ హబ్‌కు శంకుస్థాపన జరిగిన మన తీరానికీ ఇదే లెక్క వర్తిస్తుంది.

మీరు ప్రయోగం చేసేటట్లయితే అసలు సముద్రపు నీటిలో క్షారం కలిపి, అడుగున చేరిన తెల్లని మడ్డిని వడగట్టి, కనీసం వంద గంటలు నడపండి. ఆనోడ్‌ను మాత్రం ముందూ తరువాతా తప్పకుండా తూచండి.